పట్టా, ముచ్చిలికా, ప్రకాశం పంతులు గారు

గుంటూరు సీమలో ఒక దత్తత దావా ఏకంగా ఒక జమీందారీనే తినేసింది. అమరావతి ఊరు కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1816లో పోయారు. కడుపున పుట్టిన కొడుకులు లేరు, ఇద్దరిని దత్తత తీసుకున్నారు. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లుతుందా అన్న తగువు కోర్టులన్నీ ఎక్కి, సముద్రం దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు చేరి, 1846లో గాని తేలలేదు. చెల్లదని తీర్పు వచ్చింది. ఈలోగా శిస్తు బకాయిలు పేరుకున్నాయి, 1833 నాటి డొక్కల కరువు వచ్చి పడింది, ఎస్టేటు కంపెనీ సర్కారు పరమైంది. రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ అని హిందూ లా పుస్తకాల్లో ఈ కేసు కనిపిస్తుంది. అది మన అమరావతి వారి ఇంటి తగువని చాలామంది ప్లీడర్లకే తెలియదు.

ఈ కేసుతో ఎందుకు మొదలుపెట్టానంటే, మా ప్రాంతం భూమి రెండు రకాలుగా చీలిపోయిన కథలో ఇదొక ముఖ్యమైన మలుపు. వాసిరెడ్డి వారిదీ, ఇంకా కొందరివీ జమీందారీలు సర్కారు చేతికి రావడంతో గుంటూరు నల్లరేగడి మీద రైతుకు నేరుగా సర్కారుతోనే లావాదేవీ ఏర్పడింది. ఒంగోలుకు పడమరగా దర్శి, పొదిలి వైపు పోతే మాత్రం వెంకటగిరి రాజావారి జమీ. అక్కడ రైతు శిస్తు కట్టేది ఎస్టేటు కచేరీలో. ఒకే మట్టి, ఒకే జొన్నచేను, ఒకే మిరపతోట. గట్టు దాటితే చట్టం వేరు. ఆ గట్టు మీద పుట్టిన తగాదాలే మా వృత్తికి పునాది. ఆ వృత్తిలోంచే టంగుటూరి ప్రకాశం పంతులు గారు వచ్చారు.

నేను ఒంగోలు కోర్టులో సివిల్ వైపు, అందులోనూ ఎక్కువగా భూముల దావాలు చూసి, ఈ మధ్యే విశ్రాంతి తీసుకున్నాను. పంతులు గారి గురించి ఎవరు మాట్లాడినా సైమన్ కమిషన్ రోజున మద్రాసులో తుపాకులకు గుండె చూపిన సంగతే చెబుతారు. 1928 ఫిబ్రవరి 3 నాటి ఆ సంఘటన నిజం, గొప్పది. దానివల్లే ఆయన ఆంధ్రకేసరి అయ్యారు. అయితే ఒక ప్లీడరుగా నాకు ఆయన జీవితంలో అంతకన్నా విలువైన పని ఇంకొకటి కనిపిస్తుంది. అది 1938లో ఆయన రాసిన జమీందారీ విచారణ సంఘం రిపోర్టు. గుండె చూపించడానికి సాహసం చాలు. ఆ రిపోర్టు రాయడానికి మాత్రం మొఫసిలు కోర్టుల్లో దుమ్ము తిన్న వకీలే కావాలి.

పంతులు గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఇప్పుడది నాగులుప్పలపాడు మండలంలో ఉంది. అప్పటికి గుంటూరు జిల్లా అనేదే లేదు, ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయారు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని పోషించుకోవడానికి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. మిడిల్ స్కూలు పరీక్షకు మూడు రూపాయల ఫీజు కోసం ఆమె పట్టుబట్ట తాకట్టు పెట్టిన సంగతి ఆయన తన ఆత్మకథలో మరిచిపోకుండా రాసుకున్నారు.

ఆ రోజుల్లో కోర్టున్న ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లంటే ఏమిటో ఊహించుకోవాలి. వాయిదాకు వచ్చిన రైతు ముందురోజే బండి కట్టుకుని బయల్దేరతాడు. రాత్రికి ఎక్కడో తినాలి, ఎక్కడో పడుకోవాలి. కేసు పిలవకపోతే మర్నాడూ ఉండాలి. అన్నం విస్తరి ముందు కూర్చున్నా అతని నోట ఒకటే మాట: కరణం ఏం రాశాడు, అమీను ఏం చేశాడు, ప్లీడరు ఎంత అడిగాడు. అలాంటి ఊళ్ళో, అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు ప్లీడరు కావాలనుకోవడంలో వింత లేదు. లోకంలో తనకు తెలిసిన పెద్ద మనిషి వాడే.

ఆయన్ని చేయిపట్టి నడిపించింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు. నాయుడు గారు ఒంగోలు మిషన్ స్కూల్లో పనిచేసేవారు, నాటకాలంటే ప్రాణం. ప్రకాశం చేత ఆడవేషాలు కూడా వేయించారు. తాను రాజమండ్రికి మారుతూ ఈ కుర్రవాణ్ణి వెంట తీసుకుపోయి అక్కడ కాలేజీలో చేర్చారు. తర్వాత మద్రాసులో లా చదువు, ఆ తర్వాత సెకండ్ గ్రేడ్ ప్లీడరు పట్టా. కొన్నాళ్ళు ఒంగోలులో ప్రాక్టీసు పెట్టి, మళ్ళీ రాజమండ్రికే చేరారు.

ఇక్కడ సెకండ్ గ్రేడ్ ప్లీడరు గురించి రెండు మాటలు చెప్పాలి. ఈ తరం లాయర్లకు ఆ అంతరాల సంగతి తెలియదు. ఇప్పుడు ఎన్రోల్ అయితే మున్సిఫ్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎక్కడైనా నిలబడవచ్చు. అప్పుడు అలా కాదు. మొఫసిలు ప్లీడర్లలోనే ఫస్టు గ్రేడు, సెకండ్ గ్రేడు. వాళ్ళపైన హైకోర్టు వకీలు, అందరికన్నా పైన సీమలో చదివొచ్చిన బారిస్టరు. సెకండ్ గ్రేడు ప్లీడరుకు కింది కోర్టులే గతి, హైకోర్టు గడప తొక్కే వీలు లేదు. అంటే, రైతు దగ్గర కూర్చుని కాగితాలు విప్పి, సాక్షుల్ని తయారుచేసి, కేసు ప్రాణమంతా పట్టుకున్నవాడు అప్పీలు దగ్గరకొచ్చేసరికి చేతులు కట్టుకుని ఇంకొకరికి ఫైలు అందించాలి. ఆ అవమానం ఎలాంటిదో మా వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

రాజమండ్రిలో ఆయన ప్రాక్టీసు బాగా సాగింది. ఊరి రాజకీయాల్లో దిగి 1904లో మునిసిపల్ చైర్మన్ అయ్యారు. అప్పటికి ముప్పై రెండేళ్ళు కూడా లేవు. చేతినిండా కేసులు, ఊళ్ళో అధికారం. ఇంకొకరైతే అక్కడే స్థిరపడిపోయేవారు. కేసు పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు ఈయన పనితనం చూసిన ఒక బారిస్టరు, నువ్వూ బారిస్టరువి కారాదా అన్నాడట. అంతే, అన్నీ వదిలి అదే ఏడు ఇంగ్లండు ఓడ ఎక్కారు. అక్కడ చదువుతూనే దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో తిరిగారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో అడుగుపెట్టారు. గడప తొక్కనివ్వని చోటే పెద్ద ప్రాక్టీసు సంపాదించారు. లా టైమ్స్ అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. 1911లో తిరునల్వేలి కలెక్టర్ ఆష్ హత్య కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ న్యాయవాదుల్లో ఆయనా ఒకరు. దొరల కాలంలో అలాంటి కేసు పట్టుకోవడం చిన్న మాట కాదు.

1921లో గాంధీగారి పిలుపు మీద ఆ ప్రాక్టీసంతా వదిలేశారు. ఆ ఏడు గుంటూరు వైపు కథ వేరే చెప్పాలి. కొండా వెంకటప్పయ్య గారు, ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, ఇద్దరూ న్యాయవాదులే, ఉద్యమానికి ముందు నిలిచారు. మునిసిపాలిటీ పన్నులను నిరాకరించి చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలి రామనగరం గుడిసెల్లో కాపురం పెట్టారు. 1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి గారు వాళ్ళకు నాయకుడు, కలెక్టరు రూథర్‌ఫర్డు. నేను మొదట చెప్పిన చీలిక ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. పెదనందిపాడు రైతుకు, సర్కారుకు మధ్య జమీందారు లేడు కనుక శిస్తు ఎగ్గొడితే అది నేరుగా ప్రభుత్వంతో పోరాటం. దర్శి రైతు శిస్తు ఆపితే రాజావారు కోర్టుకెళతారు, పొలం వేలం వేయిస్తారు. అతనికి ఉద్యమం ఒక్కటే చాలదు, చట్టం కూడా మారాలి.

పంతులు గారు పెట్టిన స్వరాజ్య పత్రిక, దాని అప్పులు, ఆయన సంపాదన అంతా అందులో కరిగిపోవడం చాలామంది రాశారు. ఆయనకు డబ్బు లెక్క పట్టు ఎప్పుడూ లేదు. నేను దాన్ని త్యాగం అని మాత్రమే సరిపెట్టను, నమ్ముకున్నవాళ్ళు కూడా నష్టపోయారు. అది అలా ఉంచి అసలు విషయానికి వస్తాను.

1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది. రాజాజీ ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి), ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. ఎస్టేట్ల భూముల మీద విచారణ సంఘం వేసి, దానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. సంఘం ఊళ్ళు తిరిగింది. రైతులూ, జమీందార్లూ, వాళ్ళ వాళ్ళ వకీళ్ళూ వచ్చి చెప్పుకున్నారు. 1938 చివర్లో రిపోర్టు వచ్చింది.

అందులో వాదన ఏమిటో కాస్త నిలబడి చూడాలి. జమీందార్లు చెప్పేది ఒకటే: 1802 శాశ్వత పైసలా ప్రకారం భూమి మాది, సర్కారుకు కట్టాల్సిన పేష్కషు మార్పు లేకుండా ఖాయమైంది, రైతు దగ్గర ఎంత తీసుకుంటామన్నది మాకూ రైతుకూ మధ్య విషయం. పంతులు గారు ఆ 1802 కాగితాలనే చేతికి తీసుకున్నారు. ఆ ఏడు కంపెనీ చేసిన రెగ్యులేషన్లు చాలా ఉన్నాయి. ఇరవై అయిదోది జమీందార్లకు సనదులిచ్చిన శాశ్వత పైసలా. అందరూ దాన్నే చదువుతారు. ముప్పయ్యోది పట్టా రెగ్యులేషన్. జమీందారు ప్రతి రైతుకూ పట్టా ఇవ్వాలి, దానికి ఒప్పుకుంటూ రైతు ముచ్చిలికా రాసివ్వాలి, రేటు మీద తగాదా వస్తే శాశ్వత పైసలాకు ముందటి ఏడు వసూలైన రేటును బట్టి తేల్చాలి అని అందులో ఉంది. అంటే జమీందారు పేష్కషు ఎలా ఖాయమైందో, రైతు శిస్తూ అలాగే ఖాయమైంది. భూమి రైతుది. జమీందారు శిస్తు వసూలు చేసి కట్టే మధ్యవర్తి, అంతే. కాబట్టి శిస్తులన్నీ 1802కు ముందటి రేట్లకు దించాలి. ఇదీ రిపోర్టు సారాంశం.

ఎదుటివాడు దాఖలు చేసిన దస్తావేజులోంచే తన కేసు నిలబెట్టడం మున్సిఫ్ కోర్టులో నేర్చుకునే మొదటి విద్య. పంతులు గారు ఆ విద్యను ఒక రాష్ట్రమంతటి మీద ప్రయోగించారు. నినాదాలు ఆ రోజుల్లో చాలామందే ఇచ్చారు. నిడుబ్రోలు నుంచి ఎన్.జి. రంగా గారు రైతుల్ని కూడగట్టారు, ఆ కదలిక లేకపోతే విచారణ సంఘమే పుట్టేది కాదు. కానీ ఆ కదలికకు చట్టంలో కాలు మోపే చోటు చూపించింది ఈ రిపోర్టు.

పట్టా, ముచ్చిలికా అన్న మాటలు ఇప్పుడు ఎవరికీ పట్టవు గనుక ఒక కాగితం గురించి చెబుతాను. దర్శి వైపు నుంచి ఒక ముసలి రైతు భాగాల తగాదాలో నా దగ్గరకు వచ్చాడు. మిరపకాయలు గుంటూరు యార్డులో వేసి, ఆ డబ్బు చేతికొచ్చాక గాని ఫీజు ఇవ్వలేనని ముందే చెప్పేశాడు. మా దగ్గర అందరూ అంతే, పత్తో మిరపో అమ్ముడయ్యే దాకా ప్లీడరు ఆగాలి. సంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పాడు. మడతల దగ్గర చిరిగిపోయిన పట్టా ఒకటి. ఫసలీ 1330 నాటిది, అంటే ఇంగ్లీషు లెక్కలో 1920. అచ్చు ఫారం మీద ఎస్టేటు ముద్ర, రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, చేను హద్దులు, విస్తీర్ణం, కట్టాల్సిన శిస్తు, ఏ నెల కిస్తు ఎంతో ఆ వరసలు. అడుగున గుమాస్తా సంతకం. కొన్ని కిస్తులకు ఎదురుగా చెల్లు వేసి ఉంది, కొన్నింటికి లేదు.

"అయ్యా, ఇది మా తాతది. దీనికి విలువుందా లేదా అది చెప్పండి చాలు" అన్నాడు.

ఉంది. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం ఆరో సెక్షను కింద అలాంటి పట్టా ఉన్న రైతుకు సాగు హక్కు శాశ్వతమైంది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాక పదకొండో సెక్షను కింద అదే రైతుకు రైత్వారీ పట్టా, అంటే నేరుగా సర్కారుకే శిస్తు కట్టే పట్టా ఇచ్చారు. ఆ పసుపు గుడ్డలోని కాగితం లేకపోతే మూడో తరం వాళ్ళ హక్కు చూపించడం ఎంత కష్టమయ్యేదో కేసు నడిపిన నాకు తెలుసు. చట్టాల పేర్లు వినడానికి పొడిగా ఉంటాయి. కానీ ఒక కుటుంబం పొలంలో నిలబడుతుందా, కూలికి పోతుందా అన్నది ఆ సెక్షన్ల మీదే ఆధారపడింది.

రిపోర్టుకు ఏమైందో చెప్పాలి. 1939లో శాసనసభ దాన్ని చర్చించి, ఆ దారిలో చట్టం తేవాలని తీర్మానం చేసింది. బిల్లు మాత్రం రాలేదు. ఆ అక్టోబరులో యుద్ధం విషయమై కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. తర్వాత శిస్తులు తగ్గించే చట్టం 1947లో, జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చాయి. రద్దు చట్టం జమీందార్లకు నష్టపరిహారం ఇచ్చింది. వసూలుదారుకు భూమి మీద యాజమాన్యమే లేదన్న పంతులు గారి తర్కం ప్రకారం చూస్తే అది ఇవ్వక్కర్లేని సొమ్ము. నా మట్టుకు నాకు ఆయన వాదనే సరైనదనిపిస్తుంది. ఆ పదేళ్ళ ఆలస్యంలో జమీ రైతు కట్టిన అదనపు శిస్తు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ముఖ్యమంత్రిగా ఆయన గురించి క్లుప్తంగానే చెబుతాను. 1946 ఏప్రిల్‌లో, గాంధీగారు రాజాజీ వైపు మొగ్గినా, మద్రాసులో కాంగ్రెసు శాసనసభ్యులు ప్రకాశం గారినే ఎన్నుకున్నారు. పదకొండు నెలలకే సొంత పార్టీ వాళ్ళే దించేశారు. ఆ కొద్ది కాలంలోనే ఆయన చేసిన ఒక పని నాకు మింగుడు పడదు. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టుల్ని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టింది. ప్రకాశం ఆర్డినెన్సు అనే పేరు పడింది. 1942 నుంచి మూడేళ్ళు తాను నిర్బంధంలో గడిపి, ఆష్ కేసులో ముద్దాయిల వైపు నిలబడిన మనిషి చేయాల్సిన పని కాదది. ఆయన్ని ఎంత గౌరవిస్తానో, ఈ విషయంలో అంత నిష్కర్షగా తప్పని చెబుతాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో ఆయన తొలి ముఖ్యమంత్రి. శ్రీబాగ్ ఒడంబడికను మన్నించి రాజధాని కర్నూలుకు పోయింది, హైకోర్టు గుంటూరుకు వచ్చింది. 1954 జూలైలో కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా ఆ కోర్టు మొదలైంది. ఒంగోలు, నరసరావుపేట, తెనాలి రైతు తన అప్పీలు విచారణ చూడటానికి మద్రాసు రైలెక్కాల్సిన అవసరం తీరింది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. 1956లో విశాలాంధ్రతో పాటే ఆ కోర్టు హైదరాబాదుకు తరలిపోయింది, మా పెద్దలు చాలా బాధపడ్డారు. అదే 1954లో బెజవాడ దగ్గర కృష్ణ మీద కొత్త బ్యారేజీకి ఆయనే శంకుస్థాపన చేశారు. పాత ఆనకట్ట 1952లో గండి పడి ఉంది. ఇప్పుడది ప్రకాశం బ్యారేజీ. 1954 నవంబరులో మద్యనిషేధం మీద అవిశ్వాస తీర్మానం వచ్చి ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. ఆస్తి ఏమీ మిగల్లేదు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. దర్శి, పొదిలి రైతులు కూడా అప్పుడు ప్రకాశం జిల్లా వాళ్ళయ్యారు.

2019లో హైకోర్టు మళ్ళీ మా వైపుకు వచ్చింది. అమరావతిలో నేలపాడు దగ్గర కొత్త భవనంలో నడుస్తోంది. రాజధాని కోసం రైతులు భూసమీకరణలో ఇచ్చిన 33 వేల పైచిలుకు ఎకరాల మధ్య అది నిలబడింది. అక్కడికి వెళ్ళే యువ న్యాయవాదుల చేతుల్లో మళ్ళీ భూమి కాగితాలే ఉన్నాయి. ఒప్పందంలో సర్కారు ఏం రాసింది, ఏం ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నవే ప్రశ్నలు. వాళ్ళలో ఎంతమంది 1938 రిపోర్టు తెరిచి చూశారని అడిగితే, నాకు తెలిసిన జూనియర్లలో ఒక్కరూ లేరు.

ప్రతి ఆగస్టు 23న ప్రభుత్వం పంతులు గారి విగ్రహాలకు దండలు వేయిస్తుంది. వేయించనివ్వండి. దానితోపాటు ఆ రిపోర్టును చక్కని తెలుగులో, రైతు చదవగలిగే వాడుక భాషలో, చౌక ధరకు అచ్చువేయించి ప్రతి జిల్లా కోర్టు బార్ లైబ్రరీకీ, మండల గ్రంథాలయానికీ పంపమని కోరుతున్నాను. దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఇళ్ళలో ఇంకా పసుపు గుడ్డల్లో పాత పట్టాలు ఉండి ఉంటాయి. ఉన్నవాళ్ళు వాటిని పారేయకండి. దగ్గరున్న న్యాయవాదికి చూపించి, నకలు తీయించి పెట్టుకోండి.